ముత్తాతగారి మిలిటరీ కాగితాలు: ఇప్పటిదాకా తేలినవి

మా ముత్తాత రెండో ప్రపంచ యుద్ధంలో జపాను వాళ్లతో పోరాడారని ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. కాగితాలు చూస్తే ఆయన బర్మా వైపు వెళ్లనే లేదు. వెళ్లింది పడమటికి, ముందు ఆఫ్రికా ఎడారికి, తర్వాత ఇటలీకి. ఇంట్లో ఇలాంటి కాగితాలున్న వాళ్లకు పనికొస్తుందని ఇంతవరకూ తేలింది రాసి పెడుతున్నాను.

మాది తాడేపల్లిగూడెం దగ్గర. మిలిటరీ మాధవరం పక్కనే కాబట్టి ఈ చుట్టుపక్కల పాత సైనికుల ఇళ్లు బోలెడు. పతకాలకు ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తారు, కాగితాలేమో ట్రంకుపెట్టె అడుగున చెదలపాలవుతుంటాయి. నన్నడిగితే ముందు వెతకాల్సింది పెన్షన్ కాగితం.

ఎందుకంటే డబ్బు తీసుకునేది ఆ మనిషేనా అని ట్రెజరీ గుమాస్తా తేల్చుకోవాలి కదా, అందుకని మనిషి ఆనవాళ్లన్నీ అందులో రాస్తారు. ఆర్మీ నంబరు, ర్యాంకు, చేరిన తేదీ, వదిలిన తేదీ, తండ్రి పేరు, ఊరు, తాలూకా, కింద ఎడమచేతి వేలిముద్ర. ముత్తాతగారి ఫొటో మా దగ్గర ఒక్కటీ లేదు. ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు, ఎడమ కనుబొమ మీద గాటు, కుడి ముంజేతి మీద పుట్టుమచ్చ. ఆయన ఎలా ఉండేవారో మాకు తెలిసింది ఇంతే. ఆ గాటు సంగతి చదివి వినిపిస్తే నాయనమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అవును, అక్కడ వెంట్రుకలు మొలిచేవి కావు" అంది.

ఇంకో సంగతి. సర్వీసు పెన్షన్ రావాలంటే కనీసం 15 ఏళ్లు పనిచేసి ఉండాలి. యుద్ధం కోసం చేర్చుకుని 1946లో ఇంటికి పంపేసిన వాళ్లకు అది రాదు. అంటే పెన్షన్ ఉందంటేనే ఆయన ఒక్క యుద్ధం కోసం చేరిన మనిషి కాదని, చాలా ముందే చేరి ఉండొచ్చని లెక్క. తేదీలు కూడా అదే చెబుతున్నాయి.

పతకాలు రెండున్నాయి. రిబ్బన్లు పుచ్చిపోయినా దిగులు లేదు. రెండో ప్రపంచ యుద్ధం స్టార్లన్నీ ఆరు కోణాల నక్షత్రాలే, పేరు మాత్రం మధ్యలో గుండ్రంగా ఇంగ్లీషులో ఉంటుంది. మావి ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్. ఆఫ్రికా స్టార్ 1940 జూన్ 10 నుంచి 1943 మే 12 మధ్య అక్కడ పనిచేసిన వాళ్లది. బర్మా స్టార్ లేదు. దయచేసి వీటిని చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి.

డిశ్చార్జ్ సర్టిఫికెట్ మీద మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ (సైన్యంలోని ఇంజనీరింగ్ దళం), 12 ఫీల్డ్ కంపెనీ అని ఉంది. అసలు తాళంచెవి ఇదే. రెజిమెంటు పేరు ఒక్కటే తెలిస్తే వెతకడం కష్టం, కంపెనీ నంబరు దొరికితే మనిషి వెళ్లిన దారంతా బయటపడుతుంది. 12 ఫీల్డ్ కంపెనీ 4వ ఇండియన్ డివిజన్‌లో ఉండేది. ఆ డివిజన్ 1943 మే నాటికి ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియాలో ఉంది, 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని కసీనో కొండల దగ్గర పోరాడింది. సాపర్ల పని రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, మందుపాతరలు ఏరడం. అదే డివిజన్‌లోని 11 ఫీల్డ్ పార్క్ కంపెనీలో పనిచేసిన సుబేదార్ సుబ్రమణ్యం 1944 జూన్ 24న ఇటలీలో మిన్యానో దగ్గర పేలబోతున్న మందుపాతర మీద పడుకుని తోటివాళ్లను కాపాడి చనిపోయారు. చనిపోయాక ఆయనకు జార్జ్ క్రాస్ (సాహసానికి బ్రిటన్ ఇచ్చే గొప్ప పతకం) ఇచ్చారు. మా ముత్తాత కూడా అదే పనిలో ఉండి క్షేమంగా ఇల్లు చేరారని తెలిశాక ఆ పెన్షన్ కాగితాన్ని పట్టుకునే తీరే మారిపోయింది.

పేర్లతో మాత్రం గొప్ప చిక్కు. మిలిటరీ వాళ్లు చాలాచోట్ల ఇంటిపేరు వదిలేశారు, అసలు పేరును చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు. మా ముత్తాత పేరే మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. అందుకని నేను పేరుతో కాక నంబరుతో, ఊరితో వెతుకుతున్నాను. యుద్ధంలో చనిపోయిన వాళ్ల కోసమైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఇచ్చారు. అప్పటి స్పెల్లింగులే వాడాలి: కృష్ణాకు కిస్ట్నా, విశాఖపట్నానికి వైజాగపటం. ముత్తాతతో పాటు వెళ్లి తిరిగి రాని మన జిల్లా వాళ్ల జాబితా అలాగే రాసుకుంటున్నాను.

కాగితాలు విప్పే ముందు ఒక జాగ్రత్త. ఊదారంగులో కనిపించే రాత కాపీయింగ్ పెన్సిల్‌తో రాసింది, తడి తగిలితే అలుక్కుపోతుంది. మడతలకు సెలోటేప్ వేయొద్దు. కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి కాంట్రాస్ట్ పెంచితే కంటికి ఆనని అక్షరాలు కూడా తేలుతున్నాయి.

ఇక మిగిలింది షీట్ రోల్, అంటే జవాను సర్వీసు రికార్డు. సెలవులు, శిక్షలు, ప్రమోషన్లు, గాయాలు అన్నీ అందులోనే ఉంటాయి. కిండ్రెడ్ రోల్‌లో కుటుంబ సభ్యుల పేర్లుంటాయి. బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్ ఆఫీసుకు ఆర్మీ నంబరు, కాగితంలో ఉన్న స్పెల్లింగుతోనే పేరు, ఊరు, తాలూకా రాసి, డిశ్చార్జ్ సర్టిఫికెట్ నకలు, మా బంధుత్వం రుజువులు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. జవాబు రావాలి. ఈలోగా లండన్‌లో ఉన్న మా పిన్ని కొడుకు అక్కడ క్యూ (Kew) అనే పేటలోని నేషనల్ ఆర్కైవ్స్‌కు, అంటే బ్రిటన్ ప్రభుత్వ పాత కాగితాలు దాచేచోటికి, వెళ్తానన్నాడు. కంపెనీ వార్ డైరీల (యుద్ధంలో రోజువారీగా రాసుకున్న పుస్తకాలు) కోసం అక్కడి వార్ ఆఫీసు కాగితాల్లో డబ్ల్యూఓ 169 లాంటి సిరీస్‌లు చూడమని చెప్పాను. వాటిలో జవాన్ల పేర్లు అరుదు, కానీ కంపెనీ ఏ రోజు ఎక్కడుందో రాసి ఉంటుంది. ముందు 1944 ఫిబ్రవరి, మార్చి పేజీలు తీయమన్నాను.