తాడు రెండో కొసన ఎవరు?

ప్రయాణానికి మూడు వారాల ముందు, నాలుగేళ్లుగా నాతో కలిసి రాతి గోడలు ఎక్కుతున్న స్నేహితురాలికి చీలమండ బెణికింది. అప్పటికే వీసా, టికెట్లు, సెలవు అన్నీ సిద్ధమైపోయాయి. ఈసారికి మానేయమని ఇంట్లోవాళ్లు నచ్చజెప్పినా మనసొప్పక, అక్టోబరు రెండో వారంలో గ్రీసు దేశంలోని కలిమ్నోస్ ద్వీపానికి ఒంటరిగానే బయల్దేరాను. ఒంటరిగా ఊళ్లు తిరగవచ్చు, కొండదారుల్లో నడవవచ్చు. తాడు కట్టుకుని రాతి గోడ ఎక్కడం మాత్రం రెండో మనిషి లేకుండా కుదరదు. ఎక్కేవారికి కావలసినంత తాడు వదులుతూ, జారితే ఆపి, చివరకు క్షేమంగా కిందికి దించే పనిని బిలే అంటారు. నా ప్రాణాన్ని చేతిలో పెట్టుకుని నిలబడే అలాంటి మనిషిని ముక్కూమొహం తెలియని చోట వెతుక్కోవలసి వచ్చింది.

చోటు విషయంలో మాత్రం నేను అదృష్టవంతురాలిని. ఒకప్పుడు సముద్రపు స్పంజీలు తీసే గజ ఈతగాళ్లకు పేరుపడిన ఈ ద్వీపంలో, 1990ల చివర్లో ఆండ్రియా డి బారి అనే ఇటలీ క్లైంబర్ గోడ మీద తొలి రూట్లకు, అంటే ఎక్కే దారులకు, తాడు తగిలించుకునే లోహపు బోల్టులు బిగించాడు. ఇప్పుడు అక్కడ వేల రూట్లు ఉన్నాయి. అక్టోబరులో మసూరి గ్రామపు వీధిలో నిలబడితే, భుజాన తాడు వేసుకున్న మనుషులు ఏదో ఒక దేశం నుంచి వచ్చినవాళ్లు నిమిషానికొకరు ఎదురవుతారు. ఒంటరిగా వెళ్లేవారికి ఇటువంటి చోటే మేలని నా అభిప్రాయం. మనుషులంతా ఒకే ఊళ్లో ఉంటారు, గోడలు చాలావరకు నడక దూరంలో ఉంటాయి, బోల్టులు ముందే బిగించి ఉంటాయి. రాతి పగుళ్లలో ఎవరి పరికరాలు వారే ఇరికించుకుంటూ పోయే ట్రాడ్ పద్ధతిలోనైతే కొత్త మనిషి నేర్పును ఒక్క రోజులో అంచనా వేయడం నా వల్ల అయ్యేది కాదు.

నాలుగు కిలోలు దాటిన బరువైనా 70 మీటర్ల తాడును నా వెంటే తీసుకెళ్లాను. సొంత తాడు ఉన్నవారికి తోడు త్వరగా దొరుకుతుందన్నది ఒక కారణం. ఎన్నేళ్ల నాటిదో, పడినవారిని ఎన్నిసార్లు ఆపిందో తెలియని పరాయి తాడు మీద వేలాడనవసరం లేదన్నది అంతకంటే పెద్ద కారణం. మామూలు ప్రయాణ బీమాలు చాలావాటిలో క్లైంబింగ్ చేరదు కనుక, నిబంధనలన్నీ చదివి, క్లైంబింగ్ చేరిన పాలసీ తీసుకున్నాను.

దిగిన రోజు సాయంత్రమే క్లైంబింగ్ సామాన్ల దుకాణం బయట ఉన్న బోర్డు మీద ఒక చీటీ పెట్టాను. “పార్ట్‌నర్ కావాలి. 6ఎ వరకు లీడ్ చేస్తాను. రెండు వారాలు ఉంటాను. తాడు ఉంది.” అంతే రాశాను. లీడ్ అంటే తాడును కింది నుంచి వెంట తీసుకెళ్తూ, బోల్టు బోల్టుకూ తగిలించుకుంటూ ముందుగా ఎక్కడం. 6ఎ అనేది రూటు ఎంత కష్టమో చెప్పే ఫ్రెంచి కొలమానం, అంకె పెరిగేకొద్దీ కష్టం పెరుగుతుంది. అమెరికా లెక్కలో దాదాపు 5.10ఎ అవుతుంది. మర్నాడు పొద్దున్నే ఒక యువకుడు వచ్చి పలకరించాడు. 7ఎ ఎక్కుతానని, నా రూట్లకు బిలే చేయడానికి అభ్యంతరం లేదని చెప్పాడు. మాట మర్యాదగా ఉంది, చేతులు చూస్తే ఏళ్ల తరబడి రాయి పట్టినవని తెలుస్తోంది. నాకంటే అంత పైస్థాయి మనిషి తానై ముందుకొస్తే ఇంకేం అడుగుతామన్న మొహమాటంతో నేను ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

మొదటి రూట్లో నాలుగో బోల్టుకు క్విక్‌డ్రా (రెండు కొసలా కొక్కేలున్న పొట్టి పట్టీ) తగిలించి, తాడు అందులో వేయడానికి కిందికి చూశాను. అతని కుడి చేయి తాడు మీద లేదు. ఎండ కళ్లలో పడుతోందని ఆ చేత్తో టోపీ సర్దుకుంటున్నాడు. నేను తాడు లాగగానే బొటనవేలితో గ్రిగ్రి అనే బిలే పరికరం లీవరును నొక్కిపట్టి, రెండో చేత్తో గబగబా తాడు వదిలాడు. గ్రిగ్రిలో ఒక క్యామ్ ఉంటుంది. పడినప్పుడు తాడు గుంజుడుకు అది తిరిగి తాడును బిగబడుతుంది. లీవరును అలా నొక్కి ఉంచితే అది తిరగలేదు. నొక్కకపోయినా, సన్నని తాడుతోనో నెమ్మదిగా జారినప్పుడో పట్టు పడకపోయే అవకాశం ఉంటుంది కాబట్టే, బ్రేకు వైపు, అంటే పరికరంలోంచి బిలే చేసేవారి చేతికి వచ్చే వైపు, తాడును చేతిలోంచి ఎప్పుడూ వదలవద్దని తయారీదారులే చెబుతారు. ఆ క్షణంలో నా మోకాళ్లు వణికాయి. తాడును క్విక్‌డ్రాలో వేసి, కిందికి దించమని అడిగాను.

నేల మీద కాలు పెట్టాక చూస్తే తాడు చివర ముడి కూడా లేదు. మేమెక్కిన రూటు పొట్టిదే కనుక ఆ రోజు దాని అవసరం రాలేదు. కానీ 70 మీటర్ల తాడుతో 35 మీటర్లకు మించిన రూటు ఎక్కితే, దించేటప్పుడు తాడు కొస బిలే పరికరంలోంచి జారిపోయి ఎక్కినవారు నేలమీద పడతారు. ఈ క్రీడలో పదే పదే జరిగే ప్రమాదమిది, ఒక్క ముడితో ఆగిపోయేదీ ఇదే. ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పుకుందామని ముందు అనుకున్నాను. ఆ మాట నోటిదాకా వచ్చినా మింగి, నేను చూసింది ఉన్నదున్నట్టు చెప్పాను. అది తనంతట తానే పట్టుకునే పరికరమని, తాను పదేళ్లుగా ఇలాగే చేస్తున్నానని నవ్వాడు. అలాగైతే మనం కలిసి ఎక్కలేమని చెప్పి నా తాడు చుట్టుకున్నాను. ఇంత దూరం నాకోసం నడిచి వచ్చిన మనిషి ముందు ఆ తాడు చుట్టిన పది నిమిషాలూ నాకు గోడ ఎక్కడంకన్నా కష్టంగా గడిచాయి.

తర్వాతి రోజు తొందరపడదలచుకోలేదు. ఒక గైడు నడిపే బృందంలో డబ్బు కట్టి చేరాను. నా ఉద్దేశం పాఠం నేర్చుకోవడం కాదు. తెలిసిన గైడు కళ్లెదుట నలుగురు కొత్తవాళ్లు ఎలా బిలే చేస్తారో రోజంతా చూడవచ్చునని. ఎవరు ఎంత కష్టమైన రూటు ఎక్కారో నేను పట్టించుకోలేదు. కింద నిలబడినప్పుడు ఎవరి చూపు ఎక్కడుంది, తాడు ఎంత వదులుగా వేలాడుతోంది, ఎవరైనా పలకరిస్తే బ్రేకు చేయి ఏం చేస్తోంది అన్నవే గమనించాను. ఆ నలుగురిలో యాభై దాటిన ఒక జర్మన్ ఆవిడ కూడా ఒంటరిగా వచ్చింది. ఎవరు పిలిచినా తల తిప్పకుండా పైకి చూస్తూనే జవాబిచ్చేది. సాయంత్రం నేనే వెళ్లి అడిగాను. ఒప్పుకునే ముందు ఆవిడ నన్ను అరగంటసేపు ప్రశ్నించింది: ఏ పరికరం వాడతాను, చివరిసారి లీడ్‌లో పడినవారిని ఎప్పుడు ఆపాను, హెల్మెట్ పెట్టుకుంటానా, నా బరువెంత.

మర్నాడు పొద్దున, గోడ మీదికి ఎండ రాకముందే, 5ఎ స్థాయి రూటు దగ్గర మొదలుపెట్టాం. నేను ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ముడి వేసుకుని సిద్ధమన్నాను. ఆవిడ ఊరికే చూసి తలూపలేదు. వంగి, చూపుడువేలితో నా హార్నెస్‌లో (నడుముకూ తొడలకూ వేసుకునే పట్టీల్లో) తాడు పోయిన దారి వెంట పైకి వచ్చి, నడుము దగ్గర ఆగింది. తాడు తొడల పట్టీ లూపులోంచి మాత్రమే వచ్చింది, నడుము లూపులోంచి పోలేదు. ఆవిడ ఒక్క మాటా అనలేదు. నేను ముడి విప్పి, రెండు లూపుల్లోంచీ పోనిచ్చి తిరిగి కట్టేదాకా నిలబడి, మళ్లీ అదే వేలితో మొదటి నుంచి చూసింది. తర్వాత తన ముడిని, తన కారబైనర్ (బిలే పరికరాన్ని హార్నెస్‌కు తగిలించే కొక్కెం) తాళాన్ని చూడమని నాకు చూపించింది. ఎనిమిది రోజుల్లో మేమిద్దరం కలిసి నలభైకి పైగా రూట్లు ఎక్కాం. ఒక్కసారి కూడా ఈ తతంగం తప్పలేదు.

భాష సంగతి కింద ఉండగానే తేల్చుకున్నాం. తాడు బిగించమని జర్మన్‌లో “త్సూ” అంటారు, ఫ్రెంచిలో “సెక్” అంటారు. ఆపదలో నోటికి వచ్చేది ఎవరి మాట వారికే కాబట్టి, పేరు పిలిచి ఆ తర్వాత “టేక్” (బిగించు), “స్లాక్” (వదులు చేయి), “లోయర్” (దించు) అనే మూడు మాటలే వాడాలని నిర్ణయించుకున్నాం. అంతకంటే ముఖ్యమైన ఒప్పందం ఇంకొకటి: రూటు పై చివర ఉండే యాంకర్ చేరాక ఎవరైనా సరే బిలేయర్ దించితేనే దిగాలి, తాడు మీద తామే జారి దిగడం ఉండదు. పైనున్నవారు “నేను సేఫ్” అన్న మాట విని కిందివారు బిలే విప్పేయడం, పైవారు తమను దించుతారనుకుని వెనక్కి వాలడం ఈ ఆటలో జరగకూడని పొరపాటు. గాలి వీచే రోజు 30 మీటర్ల పైనుంచి అరిచినా మాట వినపడదు, ఇవన్నీ నేల మీదే తేలిపోవాలి.

నా బరువు 52 కిలోలు, ఆవిడది 78. మూడో రూట్లో తనే కావాలని, నేల నుంచి బాగా ఎత్తున్న బోల్టు దగ్గర, ముందే చెప్పి ఒకసారి పడింది. నేను గాల్లోకి లేచి దాదాపు మొదటి బోల్టు దాకా వెళ్లాను. తాడు పట్టుకున్నాను గానీ మోచేయి రాతికి గీసుకుంది. ఆ తర్వాత ఆవిడ లీడ్ చేసిన ప్రతి రూట్లోనూ మొదటి బోల్టుకు ఓమ్ అనే పరికరం తగిలించింది. పడినప్పుడు అది తాడు మీద రాపిడి పెంచి, తేలికపాటి బిలేయర్‌ను అంత ఎత్తుకు లాగకుండా చేస్తుంది. అనుకోకుండా పడే రోజుకు ముందే ఈ సంగతి తేలడం ఎంత మంచిదో నేను చెప్పలేను.

ఏ రోజు ఏ గోడకు వెళ్తున్నామో, ఎన్నింటికి తిరిగి వస్తామో నా గది యజమానురాలికి చెప్పేదాన్ని. మొదటి రెండు రోజులూ జనం ఉండే గోడలే ఎంచుకున్నాం. ఐరోపా అంతటా పనిచేసే 112 అత్యవసర నంబరును ఇద్దరం ఫోనుల్లో పెట్టుకున్నాం. గది మాత్రం పంచుకోలేదు, ఎక్కడం వరకే కలిసి ఉన్నాం, అది ఇద్దరికీ నచ్చింది.

ఎనిమిదో రోజు ఆవిడ పడవెక్కి వెళ్లిపోయింది. నాకు ఇంకా మూడు రోజులు మిగిలాయి. అదే బోర్డు దగ్గరికి వెళ్లి నా పాత చీటీ తీసేసి కొత్తది రాశాను. ఎంతవరకు ఎక్కుతానన్నది చివరి పంక్తికి వెళ్లింది. పైన మాత్రం, ప్రతి రూటుకు ముందు ఒకరి ముడి ఒకరం చేత్తో తాకి చూస్తామని, తాడు చివర ముడి ఉంటుందని, తొలి రెండు రూట్లు తేలికవని, నా బరువు 52 కిలోలని, నచ్చకపోతే ఎవరైనా ఎప్పుడైనా ఆపవచ్చునని రాశాను. రాత్రి తిరిగి వచ్చేసరికి నా చీటీ కింద పెన్సిలుతో ఎవరో రెండు ప్రశ్నలు రాశారు: “ఏ బిలే పరికరం? ఎడమచేతి వాటమా, కుడిచేతి వాటమా?” జవాబు రాసి, పొద్దున ఏడున్నరకు ఇక్కడే ఉంటానని దాని కింద చేర్చాను.