ఖాళీ తక్కెడ సమంగా నిలిస్తే చాలదు

ఖాళీ చిప్పలు సమంగా నిలిచాయంటే తక్కెడ మంచిదేనని చాలామంది నమ్మకం. ఆ ఒక్క పరీక్షతో అసలు దోషం బయటపడదు.

తక్కెడను చేత్తో పట్టుకోకుండా కొక్కేనికి తగిలించండి. ఫ్యాను ఆపేయండి. చిప్పల అడుగున అంటుకున్న తడిమన్ను గీకేయండి. తాళ్ల తక్కెడైతే ఆకుకూరల నీళ్లు పీల్చుకుని ఒకవైపు తాడు బరువెక్కుతుంది, గొలుసులే మేలు. ఇప్పుడు ముల్లు నిటారుగా నిలవాలి. వేలితో కదిపి వదిలితే నాలుగు ఊపులు ఊగి అక్కడికే రావాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోందంటే ఇరుసు దగ్గర తుప్పైనా పట్టి ఉంటుంది, అడ్డకడ్డీ ఆనే ఇరుసు అంచైనా అరిగి ఉంటుంది.

అసలు చూడాల్సింది అడ్డకడ్డీ చేతుల పొడవు, అంటే మధ్యనున్న ఇరుసు నుంచి చిప్ప వేలాడే చోటి దాకా ఉన్న దూరం. ఎడమ చెయ్యి 30 సెంటీమీటర్లు, కుడి చెయ్యి 30.3 ఉందనుకుందాం. కుడి చిప్ప కాస్త తేలికదైతే చాలు, ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు చక్కగా నిలబడుతుంది. ఎడమవైపు కిలో రాయి, కుడివైపు పప్పు వేస్తే 990 గ్రాములకే సరితూగుతుంది. రాయినీ సరుకునీ చిప్పలు మార్చి వేయండి: ఈసారి 1,010 గ్రాములు పడితేగాని ముల్లు నిలవదు. ఈ మార్పిడి అర నిమిషం పని. అనుమానం ఉన్నప్పుడు అడిగి చేయించుకోవడంలో తప్పేమీ లేదు.

దోషమున్న తక్కెడతోనూ కచ్చితంగా తూచవచ్చు. వస్తువును ఒక చిప్పలో పెట్టి, రెండోదాంట్లో ఇసుక పోసి సరిచేయండి. ఇసుకను కదపకుండా వస్తువును తీసేసి, అదే చిప్పలో రాళ్లు వేయండి. ముల్లు నిలిచినప్పుడు ఉన్న రాళ్ల మొత్తమే బరువు. వస్తువూ రాళ్లూ ఒకే చేతికి వేలాడాయి కాబట్టి పొడవు తేడా లెక్కలోకి రాదు. గిన్నెతో తూచాల్సి వస్తే ముందు ఖాళీ గిన్నెకు ఎదురుగా ఇసుకో గులకరాళ్లో వేసి సరిచేసుకోవాలి.

తెలియని బరువైతే పెద్ద రాయితో మొదలుపెట్టండి: 500 ఎక్కువైతే తీసి 200, ఆపైన 100, 50. చిన్నవాటితో మొదలుపెడితే రాళ్లు చాలక మళ్లీ మొదటికొస్తారు. ముల్లు పూర్తిగా ఆగేదాకా కాచుకోనక్కర్లేదు, రెండువైపులా సమానంగా ఊగితే చాలు. సరుకును పైనుంచి విసిరితే మాత్రం ఆ విసురుకు చిప్ప కిందికి దిగుతుంది. దాన్ని చూసి తూకం ముగించకూడదు.

ఇక రాళ్లు. ఇనప రాయికి ఉండే గుంతలో సీసం నింపి, దానిమీద తూనికల శాఖ ముద్ర వేస్తారు. రాళ్లకూ తక్కెడకూ రెండేళ్లకోసారి ఈ తనిఖీ జరగాలి. సీసం ఊడిన రాయి పైకి మామూలుగానే కనిపిస్తుంది, బరువు మాత్రం తగ్గి ఉంటుంది. రాయిని తిప్పి గుంత చూడండి.