ఎండ కాస్తే మాకు పని ఆగుద్ది

అందరూ అనుకునేదేంటంటే గోడ కడగాలంటే మంచి ఎండ ఉండాలని, కస్టమర్లు కూడా "ఎండ బాగా కాస్తోంది కదా, ఇవ్వాళ వచ్చేయండి" అని ఫోన్ చేస్తారు, కానీ సాఫ్ట్‌వాష్ చేసేవాళ్ళకి మాడు పగిలే ఎండంటేనే భయం. మేం ప్రెషర్‌తో గోడని కొట్టం కదా, హైపో, అంటే బ్లీచ్‌లో ఉండే క్లోరిన్ మందు, నీళ్ళల్లో కలిపి కాస్త సోప్ వేసి మెల్లగా స్ప్రే చేసి ఓ పది నిమిషాలు వదిలేస్తాం, నాచు చచ్చేది ఆ టైమ్‌లోనే. గోడ కాలిపోతుంటే ఈలోపే మందు ఆరిపోయి తెల్లటి చారలు మిగుల్తాయి, నాచు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే పొద్దున్నే పడమటి గోడ, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ, నీడ ఎటుంటే మేం అటు. హైపో క్యాన్లు కూడా నీడలోనే, వేడికి దాని పవర్ పోతుంది మరి.

ఇక మా వైజాగ్ గాలి గురించి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి సముద్రం మీంచి లేచిందంటే స్ప్రే ఎటెళ్తుందో మన చేతిలో ఉండదు, పక్కింటి కారు, ఆరేసిన చీరలు, ఆంటీగారి కరివేపాకు చెట్టు... మొక్కల్ని ముందే నీళ్ళతో తడుపుతాం, అయినా గాలి ఎక్కువైతే మిషన్ ఆపేయడమే. "పనికొచ్చి కూర్చున్నారేంటి బాబూ" అంటారు, ఏం చెప్తాం!

నాకు నచ్చేది మబ్బు పట్టి చినుకు పడని రోజు, మందు గోడ మీద చక్కగా నిలబడుతుంది. అక్టోబర్‌లో వాయుగుండం అన్నారంటే మాత్రం బుకింగులన్నీ వెనక్కే. రేపు ఎంవీపీ కాలనీలో ఓ డాబా పిట్టగోడ ఉంది, ఉత్తరం వైపు మొత్తం నల్లగా పట్టేసింది, ఎండ తగలదుగా అక్కడ.