జాడీలో చిల్లర ఎంతుంటుంది?

బెంగళూరు మారతహళ్ళిలోని మా ఇంట్లో, దేవుడి గూటి పక్కన, 2009 నుంచి ఒక గాజు జాడీ ఉంది. మేము ఈ ఇంట్లో చేరిన కొత్తలో హిందూపురం నుంచి అత్తయ్య నిమ్మకాయ పచ్చడి పెట్టి పంపిన జాడీ అది. పచ్చడి అయిపోయాక కడిగి ఆరబెట్టినప్పుడు, బస్సు దిగి వచ్చిన మా వారు జేబులోని రెండు రూపాయల బిళ్ళను అందులో పడేశారు. అప్పటి నుంచి అది చిల్లర జాడీ అయిపోయింది. వచ్చే నెల ఇల్లు మారుతున్నాము. మూత పట్టనంతగా నిండిన ఆ జాడీని సామాను బండిలో ఎక్కించడం ఇష్టం లేక, పోయిన ఆదివారం దానిని ఖాళీ చేయాలని నిశ్చయించుకున్నాము. లెక్కపెట్టే ముందు ఎవరికి తోచిన అంచనా వారు కాగితం మీద రాయాలని మా అబ్బాయి పట్టుబట్టాడు.

మా వారు రెండు వేల ఐదు వందలని రాశారు. అబ్బాయి పదివేలన్నాడు. అత్తయ్య ఏమీ రాయకుండా, "ముందు తూచండి, తరువాత చెబుతాను" అన్నారు. ఆ మాటే సరైనదని నాకు తరువాత అర్థమయింది.

జాడీ రెండు లీటర్లది. లోపల సందు లేకుండా లోహమే ఉంటే, నీటికి ఉక్కు సుమారు 7.8 రెట్లు బరువు కనుక, పదిహేనున్నర కిలోలకు పైగా తూగాలి. వంటింటి త్రాసు ఐదు కిలోలకు మించి చూపదు కాబట్టి స్టీలు గిన్నెలో విడతలు విడతలుగా తూచి, చివరి విడతతో మొదలుపెట్టి మళ్ళీ జాడీలో పోశాము. చిల్లర 9.1 కిలోలు తేలింది. అంటే నిండుగా కనిపించిన జాడీలో నూటికి నలభై పాళ్ళకు పైగా గాలే. కంటితో చూసి చెప్పేవారు ఎక్కువ చెప్పడానికి ఇదొక కారణం.

అయితే బరువు తెలిసినంత మాత్రాన విలువ తెలియదు. 2019లో ప్రకటించిన కొత్త నాణేలలో రూపాయి 3.09 గ్రాములు, రెండు రూపాయలు 4.07, ఐదు 6.74, పది 7.74, పన్నెండు పలకల ఇరవై రూపాయల బిళ్ళ 8.54 గ్రాములు ఉంటాయి. విలువ ఇరవై రెట్లు పెరిగినా బరువు మూడు రెట్లు కూడా పెరగలేదన్నమాట. కొత్త రూపాయి బిళ్ళలు కిలో ఉంటే మూడు వందల ఇరవై చిల్లర. ఇరవై రూపాయలవి కిలో ఉంటే రెండు వేల మూడు వందలు దాటుతుంది. మా తొమ్మిది కిలోలూ పాత రూపాయలే అయితే పంతొమ్మిది వందలకు చేరవు, అన్నీ ఇరవైలే అయితే ఇరవై ఒక్క వేలు. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుందని చెప్పడం అంచనా అనిపించుకోదు.

అందుకని గుప్పెళ్ళతో పైనుంచి అర కిలో తీసి లెక్కపెట్టాను. నాలుగు వందల ఇరవై ఆరు రూపాయలు వచ్చాయి. ఆ చొప్పున జాడీ మొత్తానికి ఏడు వేల ఏడు వందలు దాటుతుంది. మా అబ్బాయి మొహం వెలిగింది. కాగితం మీద నేను ఆ అంకె వేస్తూ ఉండగా అత్తయ్య నవ్వి, "బియ్యం కొనేటప్పుడు మూట పైన ఉన్నవే చూసి కొంటామా అమ్మాయ్? గొట్టం గుచ్చి అడుగు నుంచి కూడా తీయించమంటాం గదా!" అన్నారు.

మొత్తం దుప్పటి మీద గుమ్మరించాక ఆ మాటలోని నిజం కళ్ళకు కట్టింది. జాడీ అడుగున ఉన్నవి ఇప్పుడు దుప్పటి కుప్ప మీదకు వచ్చాయి. అందులోంచి అర కిలో తీస్తే నూట డెబ్భై ఒక్క రూపాయలే. పదహారేళ్ళ చిల్లర పొరలు పొరలుగా పేరుకుంది. అడుగు పొర నిండా బొటనవేలు ఎత్తి చూపే రూపాయలు, రెండు వేళ్ళు చూపే రెండు రూపాయలు, పదకొండు పలకల పాత రెండు రూపాయలు, తొమ్మిది గ్రాముల బరువుండే లావుపాటి పాత ఐదు రూపాయలు. మరీ అట్టడుగున నాలుగు పావలాలు. 2011 జూన్ 30తో పావలా చలామణీ ముగిసింది కనుక వాటిని లెక్కలోంచి తీసి పక్కన పెట్టాను. అర్ధ రూపాయి మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది, ఏ అంగడిలో తీసుకుంటారన్నది వేరే సంగతి. పై పొరలో ఉన్నవి ఫోనుతో చెల్లించడం అలవాటయిన తరువాతవి. ఈ రోజుల్లో చిల్లర చేతికి వచ్చేదే తక్కువ, వచ్చినా అది ఐదో పదో అవుతున్నది.

తరువాత పిండి కలిపినట్టు రెండు చేతులతో కుప్పను బాగా కలిపి, మూడు చోట్ల నుంచి మూడేసి వందల గ్రాములు తీశాము. నూట ఎనభై రెండు, నూట డెబ్భై ఒకటి, నూట తొంభై రూపాయలు వచ్చాయి. కలిపితే తొమ్మిది వందల గ్రాములకు ఐదు వందల నలభై మూడు, ఆ లెక్కన మొత్తానికి ఐదు వేల నాలుగు వందల తొంభై. ఇదే నా అంచనాగా రాసి కింద గీత గీశాను.

అసలు లెక్కకు రెండు గంటలు పట్టింది. అత్తయ్య పద్ధతి పాత అంగడివాళ్ళది: పది బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చి, దాని పక్కన మిగతా దొంతరలు పేర్చి, పైన అరచేయి ఆనించి ఎత్తు సరిచూడడం. ఒకే అచ్చు బిళ్ళలకైతే అది చక్కగా పనిచేస్తుంది. కానీ పాత ఐదు రూపాయలవి ఎనిమిది పేర్చేసరికే కొత్త వాటి దొంతర ఎత్తు దాటిపోయింది. అందువల్ల విలువను బట్టే కాక అచ్చును బట్టి కూడా వేరు చేయవలసి వచ్చింది. అక్కడ త్రాసు కూడా ఆదుకోలేదు. పదకొండు పలకల పాత రెండు రూపాయలు ఆరు గ్రాములు, ఇత్తడి రంగు ఐదు రూపాయలు కూడా ఆరు గ్రాములే. అంతకంటే చిక్కు, పాత ఉక్కు రూపాయి, 2011 తరువాత, 2019 కొత్త నాణేలకు ముందు వచ్చిన రెండు రూపాయలు రెండూ 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4.85 గ్రాముల బరువు. సాయంత్రం పూట బస్సులో కండక్టరు "చిల్లరె కొడి" (చిల్లర ఇవ్వండి) అని కన్నడంలో అడిగి చేయి చాచినప్పుడు వీటిని ఎన్నిసార్లు తారుమారు చేసి ఇచ్చి ఉంటానో! (టికెట్టు వెనుక ఆయన రాసిచ్చిన బాకీని అడగడం మరిచి దిగిపోయినవి జాడీలోకి రానే లేదు, అవి కూడా వచ్చి ఉంటే ఇంకొక జాడీ కావలసి వచ్చేది.)

పది రూపాయలవి 147, ఇరవై 8, ఐదు 413, రెండు 566, రూపాయలు 553, అర్ధ రూపాయలు 9. మొత్తం ఐదు వేల మూడు వందల ఎనభై నాలుగు రూపాయల యాభై పైసలు. నా అంచనాకు, అసలుకు తేడా నూట అయిదున్నర రూపాయలు, అంటే నూటికి రెండు పాళ్ళు. కలపక ముందు తీసిన రెండు అర కిలోలలో ఒకటి రెండు వేలకు పైగా ఎక్కువ చెప్పింది, మరొకటి రెండు వేలకు పైగా తక్కువ చెప్పింది.

మార్చుకోవడం మాత్రం అంత సాఫీగా జరగలేదు. మా ఖాతా ఉన్న శాఖలో కౌంటరు దగ్గరి వ్యక్తి సంచీని చూడగానే మనుషులు లేరు, బుధవారం రమ్మన్నాడు. బ్యాంకులు నాణేలను కాదనకూడదని, నూరేసి చొప్పున పాలిథీన్ సంచులలో తెస్తే వీలుగా ఉంటుందని, రూపాయి, రెండు రూపాయలను తూకం వేసి కూడా తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు సూచనలలోనే ఉంది. బుధవారం నూరేసి కట్టుకుని వెళ్ళి ఆ సంగతి మర్యాదగా గుర్తుచేస్తే, లోపలి నుంచి మేనేజరు గారు వచ్చి తీసుకున్నారు. వెయ్యి రూపాయల వరకు రూపాయి, అంతకు పై నాణేలతో చెల్లింపు చట్టప్రకారం చెల్లుతుంది కనుక, పది రూపాయల బిళ్ళలలో కొన్ని మా వీధి చివర కొబ్బరి బొండాల ఆయనకు ముందే ఇచ్చాను. ఆయన తీసుకోవడమే కాక, ఇంకా ఉన్నాయా అని అడిగాడు.

అత్తయ్య నూట పదహారు రూపాయలు విడిగా అడిగి తీసుకుని, పసుపు బట్టలో తిరుపతి ముడుపు కట్టారు. అందులోకి హైదరాబాదు టంకసాల గుర్తయిన నక్షత్రం ఉన్న బిళ్ళలనే, సంవత్సరం అంకె కింద వేలితో తడిమి చూసి, ఒక్కొక్కటిగా ఏరుకున్నారు. పావలాలు నాలుగూ ఖాళీ జాడీలో మళ్ళీ వేశాము.