జీటీఎక్స్ 1050 టీఐ, ఆర్‌ఎక్స్ 570: భీమవరం ఉక్కపోతలో ఏది నయం?

పాత కంప్యూటర్‌కు తక్కువ ఖర్చుతో గ్రాఫిక్స్ కార్డు వేయించాలనుకునే మా భీమవరం విద్యార్థులకు నేను రెండు కార్డులను పోల్చి చూపుతుంటాను: 2016 అక్టోబరులో ఎన్విడియా విడుదల చేసిన జీటీఎక్స్ 1050 టీఐ, 2017 ఏప్రిల్‌లో ఏఎండీ తెచ్చిన ఆర్‌ఎక్స్ 570.

మొదటిదానిలో 768 కోర్లు (లెక్కలు చేసే చిన్న భాగాలు), రెండవదానిలో 2048 ఉన్నాయి. కానీ ఇరు సంస్థల కోర్ల నిర్మాణం వేరు కనుక ఈ అంకెలను నేరుగా పోల్చడం సరికాదు. మెమరీ లెక్క మరింత నమ్మదగినది. 1050 టీఐలో 128 బిట్ల మార్గం గుండా సెకనుకు 112 గిగాబైట్ల సమాచారం ప్రవహిస్తే, 570లో 256 బిట్ల మార్గం గుండా 224 గిగాబైట్లు, అంటే సరిగ్గా రెట్టింపు, ప్రవహిస్తుంది. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) ఆటల్లో 570 స్పష్టంగా ముందుండటానికి ఇదొక కారణం.

అయితే ఆ వేగానికి మూల్యం విద్యుత్తు. 75 వాట్ల 1050 టీఐలో చాలా రకాలు మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే కరెంటుతోనే నడుస్తాయి. 150 వాట్ల 570కి పవర్ సప్లై నుంచి విడిగా కేబుల్ కావాలి. సముద్రపు తేమ, వేసవి ఉక్క కలిసే మన డెల్టాలో, ఏసీ లేని గదిలో, చిన్న కంప్యూటర్ డబ్బాలో (కేబినెట్‌లో) ఆ అదనపు వేడి తేలిగ్గా బయటికి పోదు.

గాలి ఆడే పెద్ద డబ్బా, మంచి పవర్ సప్లై ఉన్నవారికి నా ఓటు 570కే. (డిజిటల్ నాణేల కోసం కార్డుతో ఎడతెరిపి లేకుండా లెక్కలు చేయించే క్రిప్టో మైనింగ్‌లో అరిగిన 570లు సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కువ, ఫ్యాన్ శబ్దం విని, కాసేపు బరువైన ఆట ఆడించి చూశాకే డబ్బు ఇవ్వండి.) ఆఫీసుల్లో వాడి అమ్మేసిన చిన్న కంప్యూటర్లకు మాత్రం 1050 టీఐ చాలు.