బ్రీత్ టెస్ట్ నంబరు రాగానే డీయూఐ కేసు అయిపోయినట్టు కాదు

కాలిఫోర్నియా కోర్టుల్లో తెలుగు ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేస్తున్నాను. డీయూఐ, అంటే తాగి బండి నడిపిన కేసుల్లో వచ్చే మనవాళ్లు, ముఖ్యంగా కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు, మొదటి రోజే "ఒప్పేసుకుంటానండీ, త్వరగా వదిలేస్తే చాలు" అంటుంటారు. ఇంటర్‌ప్రిటర్ సలహా ఇవ్వకూడదు. వాళ్లన్నది ఇంగ్లీషులో చెప్పి ఊరుకోవాలి. అక్కడ నోరు విప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

తాగి నడిపేవాళ్లను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. అలాంటివాళ్ల వల్ల కన్నబిడ్డను పోగొట్టుకున్న తల్లులు మాట్లాడటం అవే కోర్టుల్లో విన్నాను. తప్పు చేసినవాడికి శిక్ష పడాల్సిందే. ఆ తప్పును తేల్చే టెస్టు మాత్రం రూల్ ప్రకారం జరిగి తీరాలి.

రోడ్డు పక్కన చేయించే ప్రామాణిక టెస్టులు మూడు. పెన్ను కదిలిస్తూ కళ్లు చూడటం, గీత మీద నడిపించడం, ఒంటికాలి మీద నిలబెట్టడం. కేంద్ర రహదారి భద్రతా సంస్థ కోసం 1981లో జరిగిన అధ్యయనంలో వీటి కచ్చితత్వం వరుసగా 77, 68, 65 శాతం వచ్చింది. అది కూడా చెప్పిన పద్ధతిలో చేయిస్తేనే. ఆ మాట పోలీసుల శిక్షణ మాన్యువల్‌లోనే ఉంది.

నడక టెస్టునే తీసుకోండి. మడమకు బొటనవేలు ఆనిస్తూ తొమ్మిది అడుగులు వేసి, చెప్పినట్టు తిరిగి, మళ్లీ తొమ్మిది వేయాలి. చూసేది ఎనిమిది లోపాలు. రెండు కనిపిస్తే ఫెయిలే. కోర్టులో వేసిన ఒక బాడీ క్యామ్ వీడియో నాకింకా గుర్తుంది. ఏటవాలుగా ఉన్న రోడ్డు అంచు, పక్కనుంచి దూసుకెళ్లే ట్రక్కులు. ఆఫీసరు ఎలా నడవాలో చూపిస్తుండగానే ఆ అబ్బాయి నడక మొదలుపెట్టాడు. పోలీసు చూపించగానే చేసేయడం మనవాళ్లకు అలవాటు కదా. "చెప్పకముందే మొదలుపెట్టాడు" అని ఒక లోపం రాశారు. బ్యాలెన్స్ కోసం చెయ్యి ఆరంగుళాల కంటే ఎక్కువ లేచిందని రెండోది. అంతే, ఫెయిల్! నేల ఏటవాలుగా ఉందన్న మాట రిపోర్టులో లేదు. వీడియో తెప్పించకపోతే జడ్జికి తెలిసేదే కాదు. వయసు 65 దాటినవాళ్లకూ, నడుము, కాలు, చెవి లోపలి సమస్యలున్నవాళ్లకూ ఈ నడక కష్టమని కూడా శిక్షణలో చెబుతారు. మీకలాంటిది ఉంటే లాయరుకు తప్పకుండా చెప్పండి.

ఇక బ్రీత్ మెషీన్. అది రక్తాన్ని కొలవదు. ఊపిరిలో ఉన్న ఆల్కహాల్‌ని కొలిచి, 2100 పాళ్ల ఊపిరిలో ఉన్నంత ఆల్కహాల్ ఒక పాలు రక్తంలో ఉంటుందన్న 2100:1 నిష్పత్తితో రక్తంలో ఎంతుందో లెక్క కడుతుంది. తేన్పు వచ్చినా, వాంతి అయినా నోట్లోకి వచ్చిన ఆల్కహాల్ లెక్కను పెంచేయగలదు. అందుకే ఇక్కడి నిబంధనల ప్రకారం టెస్టుకు ముందు 15 నిమిషాలు మనిషిని ఆగకుండా గమనించాలి. రెండు శాంపిళ్ల మధ్య తేడా 0.02 దాటకూడదు. పది రోజులకో, 150 మందికో, ఏది ముందైతే అప్పటికి మెషీన్‌ని సరిచూడాలి. ఆ లాగ్ అడిగి తీసుకోవాలి. ఆ 15 నిమిషాల్లో ఆఫీసరు ఎదురుగా కూర్చున్నారా, వెనక్కి తిరిగి కాగితాలు రాసుకుంటున్నారా అన్నది వీడియోలో దొరుకుతుంది.

మెషీన్ల తప్పులు ఊహలు కావు. న్యూజెర్సీలో సరిచూసేటప్పుడు వాడాల్సిన థర్మామీటర్ వాడలేదని తేలి, 2018లో అక్కడి సుప్రీంకోర్టు 20,667 టెస్టుల ఫలితాలను సాక్ష్యంగా వాడటానికి వీల్లేదంది.

అలాగని ప్రతి వాదనా నిలబడదు. "నా శరీరంలో ఆ నిష్పత్తి వేరు" అని, రక్తంలో ఆల్కహాల్ చట్టం పెట్టిన 0.08 శాతం హద్దు దాటిందన్న అభియోగం మీద కాలిఫోర్నియాలో వాదించలేరు. రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లోనే ఆ దారి మూసేసింది. ఆ మెషీన్, ఆ రోజు, ఆ ఆఫీసరు సరిగా చేశారా అన్నది మాత్రం అడగొచ్చు. నడిపిన టైముకీ ఊదిన టైముకీ మధ్య రక్తంలో ఆల్కహాల్ స్థాయి పెరిగిందన్న వాదనకూ చోటుంది, సాక్ష్యం ఉంటే.

టెస్టు వద్దనడం గురించి కూడా చాలామంది పొరబడతారు. ఇక్కడ రోడ్డు మీది నడక టెస్టులు తప్పనిసరి కాదు. 21 దాటి, పాత డీయూఐ కేసులో ప్రొబేషన్‌లో లేనివాళ్లకు అరెస్టుకు ముందు ఊదేదీ తప్పనిసరి కాదు. అరెస్టయ్యాక జరిగే టెస్టు వేరు. దాన్ని కాదంటే మొదటిసారికే ఏడాది లైసెన్సు పోతుంది.

వీసా మీద ఉన్నవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి. శిక్ష పడకపోయినా, డీయూఐ అరెస్టు ఒక్కటి జరిగితే చాలు, వీసా రద్దు చేసే అధికారం 2015 నుంచి కాన్సులేట్లకు ఉంది. అందుకే క్రిమినల్ లాయరుతో పాటు ఇమిగ్రేషన్ లాయరునూ అడగాలి, అదీ ఏమీ ఒప్పుకోకముందే. లైసెన్సు విషయం చూసే డీఎంవీ (రవాణా శాఖ) దగ్గర హియరింగ్ అడగడానికి అరెస్టయిన రోజు నుంచి పది రోజులే గడువు. కోర్టు తేదీ వచ్చేదాకా ఆగితే అది దాటిపోతుంది.