పాణి సఫాగానే ఉందట!

బరంపురంలో ఓ ఆసుపత్రి ఎస్టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు. శుద్ధయ్యాక బయటికొచ్చే నీళ్లలో మందులు ఎంత మిగిలాయో చూడాలి. ఆపరేటర్ ఇవాళ శాంపిల్ తెచ్చి చేతిలో పెట్టాడు, మినరల్ వాటర్ సీసాలో. మూత తియ్యగానే గుప్పున క్లోరిన్ వాసన. "పాణి సఫాగానే ఉంది కదండీ!"

సఫాగానే ఉంది, పారబోశాం. మిగిలిన క్లోరిన్ దారిపొడవునా మందుల్ని తినేస్తూనే ఉంటుంది. ల్యాబ్‌లో పారాసిటమాల్, యాంటీబయాటిక్ సల్ఫామెథాక్సజోల్ తక్కువ తేలతాయి, ప్లాంటు భేషని మురిసిపోతాం. గోధుమరంగు గాజుసీసా కావాలి, అందులో ముందే క్లోరిన్‌ని విరిచేసే సోడియం థయోసల్ఫేట్ కాస్త, ఆపైన ఐసుపెట్టెలో 4 డిగ్రీలు. వడకట్టాక, లోహాల్ని పట్టి ఉంచే ఈడీటీఏ కలపడం మరవకూడదు. లేకపోతే మరో యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్సాసిన్ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో జట్టుకట్టి, నీళ్లలోంచి మందుల్ని పట్టే కార్ట్రిడ్జ్‌లో సరిగ్గా నిలవదు.

అసలు మొండిఘటం కార్బమజెపీన్, ఫిట్స్ మందు. ఏరేషన్ ట్యాంకులో ఎంత గాలి కొట్టినా వచ్చినంతా దాదాపు అలాగే పోతుంది. ఒక్కోసారి బయటే ఎక్కువ! ఒంట్లో వేరే రూపంలోకి మారిన మందు ట్యాంకులో విడిపోయి మళ్లీ మొదటి రూపానికి వస్తుంది మరి. దానికి ఓజోనో, యాక్టివేటెడ్ కార్బనో పెట్టాల్సిందే. సీటీ స్కాన్‌కి ఎక్కించే కాంట్రాస్ట్ మందు ఐయోహెక్సాల్ అయితే ఓజోన్‌నీ పెద్దగా లెక్కచెయ్యదు.

రేపు 24 గంటల శాంపిల్, గంటగంటకీ కొంచెం. సీసాలు మాత్రం మావే.